గుమ్మడికాయ గల్లీ ఎవరిది

మా గల్లీ మొదట్లో నల్లరాతి పలక ఒకటి పాతారు. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఒక నిర్మాత పేరు, ఆ పేరు ముందు రెండు బిరుదులు, చివర 'మార్గ్' అని ఒక ముక్క. ఆయన పోయి కొంతకాలమైంది. కొడుకులు పలుకుబడి ఉన్నవాళ్ళు, పెట్టించుకున్నారు. పెట్టించుకోనీ. ఫిల్మ్ నగర్‌లో రాళ్ళకేం కొదవ, బిరుదులకేం కొదవ. నా ఒళ్ళు మండింది అందుకు కాదు. పలక అడుగున చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం చెక్కించారు. ఈ వీధిని జనం గుమ్మడికాయ గల్లీ అని పిలుచుకోవడానికి కారణం, ఆయన తన తొలి సినిమా పూర్తయిన రోజున ఇక్కడే గుమ్మడికాయ కొట్టడమట.

పచ్చి అబద్ధం. ఆ పలక నిలబెట్టిన చోటే ఏళ్ళ తరబడి ఒక ఆడమనిషి గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. గల్లీకి పేరు ఆమె వల్ల వచ్చింది. ఆమెను అక్కణ్ణించి లేపించిన మనిషి పేరే ఇప్పుడు అక్కడ ఎండలో మెరుస్తోంది.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాస్తే ఆ కొడుకులు దాన్ని కూడా పలక మూలన 'కృతజ్ఞతలతో' అని చెక్కించి చేతులు దులుపుకుంటారు. వాళ్ళకు ఆ వెసులుబాటు నేనెందుకివ్వాలి?

సినిమావాళ్ళ పద్ధతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా దగ్గర సినిమా మొదలెట్టే రోజు కొబ్బరికాయ కొడతారు. ఆఖరి షాటు తీసిన రోజు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకి దిష్టి తీసి, దాన్ని నేలకేసి కొడతారు. 'గుమ్మడికాయ కొట్టేశారు' అంటే షూటింగు అయిపోయిందని అర్థం. ఆ కాయలు అమ్మేది ఆమె. పరిశ్రమ మద్రాసు వదిలి ఇక్కడికి రాకముందే ఆమె ఇక్కడ ఉంది. అప్పుడు ఇక్కడ కాలనీ లేదు, గల్లీ లేదు, బండలున్నాయి. భర్త ఆ బండలు కొట్టే పనికి పోయేవాడు. ఆమె బండల సందుల్లో మట్టి ఉన్నచోటల్లా గింజలు నాటింది. తీగలు బండల మీదికి పాకి కాయలు కాశాయి. ఎవరో ప్రొడక్షన్ మనిషి షూటింగు ఆఖరి రోజున కాయ దొరక్క తిరుగుతూ అటు వచ్చాడు. అక్కణ్ణించి మొదలు. తర్వాత బండలు పోయి ఇళ్ళు లేచాయి, తీగలకు చోటు లేకుండా పోయింది. ఆమె మార్కెట్ నుంచి కాయలు తెప్పించుకుని అదే చోట కూర్చుంది.

నేను గుంటూరు వైపు నుంచి డబ్బింగ్ చెప్పుకుందామని వచ్చినదాన్ని. తెర మీద ఏడ్చే ఆడపిల్లలకు వెనక నుంచి గొంతు ఇవ్వడం నా వృత్తి. గది వెతుక్కుంటూ వచ్చిన రోజున ఆటో అతనికి ఇంటి నంబరు, రోడ్డు నంబరు, పక్కనున్న స్టూడియో గేటు అన్నీ చెప్పాను. అతను తల గోక్కుని, "గుమ్మడికాయ గల్లీ అని జెప్పరాదు మేడమ్, గింత కత ఎందుకు?" అన్నాడు. దిగేసరికి ఎదురుగా ఆమె. కాయలన్నీ వరసగా పెట్టుకుని, వాటి మధ్య తానూ ఒక కాయలా గుండ్రంగా కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఆంధ్రానా?" అంది. అవునన్నాను. "కిరాయి తక్కువకు అడుగు, వాడు దొంగ," అంది. నా పక్కనే నిలబడి ఉన్న ఇంటి ఓనరు నవ్వలేక నవ్వాడు.

కాయను ఎవరైనా ఇష్టమొచ్చినట్టు పట్టుకుంటే ఆమెకు కోపం. బూడిద గుమ్మడికి పైన తెల్లటి పొడి ఉంటుంది కదా, అది చెరిగితే కాయకు కళ పోతుందని ఆమె నమ్మకం. తను మాత్రం రెండు అరచేతులూ కిందికి పోనిచ్చి, పురిటి బిడ్డను ఎత్తినట్టు ఎత్తి ఇచ్చేది. పొద్దుగూకేసరికి చేతులు, చీర కుచ్చిళ్ళు, చెంపలు అన్నీ తెల్లగా అయ్యేవి. దగ్గర్లో షూటింగు వ్యాను ఆగిన రోజున మాత్రం ముఖం కడుక్కుని తలలో పూలు పెట్టుకునేది. ఒకప్పుడు ఒక దర్శకుడు ఆమెను ఒక సంత సీనులో కాసేపు నిలబెట్టాడు. ఆ సినిమా వచ్చినప్పుడు చుట్టాలందరినీ వెంటేసుకుని హాలుకు పోయింది. ఆ ముక్క ఎడిటింగులో కత్తిరించేశారు. ఇంటర్వెల్ దాకా ఓపిక పట్టి, బయటికొచ్చి టికెట్ల కిటికీ ముందు నిలబడి, తన బొమ్మ ఏమైందో చెప్పమని పెద్ద గొడవ చేసిందట. టికెట్లు చింపే అతను బతిమాలి సోడా తాగించి పంపాడు.

మంచి మనిషి అని నేను చెప్పను. నోరు మహా చెడ్డది. టీ బండివాడితో పంచదార దగ్గర రోజూ పేచీ. కూతురి మీద అయినదానికీ కానిదానికీ కేకలు. నాతో అయితే వేళాకోళం. ఒకసారి నేను ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు టీవీలో నేను గొంతు ఇచ్చిన సినిమా వస్తోంది. హీరోయిన్ తండ్రి శవం మీద పడి ఏడుస్తోంది. ఈమె కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"గా పిల్ల ఏడుస్తుంటే నువ్వు కూరగాయలోనితోని కొట్లాడినట్టే వినబడుతున్నది చెల్లె," అంది. నవ్వు ఆగాక నన్ను చూసి, "గింతమంది నోట్ల నువ్వున్నవ్. నీ పేరు ఏడన్న ఉన్నదా?" అని అడిగింది.

"టైటిల్స్‌లో ఒక్కోసారి వేస్తారక్కా," అన్నాను.

"గది ఎవడు సదువుతడు? నన్ను జూడు. గల్లీకే నా పేరు."

నిజానికి గల్లీకి ఉన్నది ఆమె పేరు కాదు, ఆమె అమ్మే కాయ పేరు. కానీ ఆమె లెక్కలో రెండూ ఒకటే. చదువు లేదు, పొలం లేదు, ఇంటికి పట్టా లేదు. ఆటోవాళ్ళ నోట్లో ఉన్న ఆ పేరు ఒక్కటే ఆమె సొంత ఆస్తి. దాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతులో వచ్చే దర్పం నేను ఏ మహారాణి పాత్రకూ తేలేకపోయాను.

ఆమెకు ఒక నియమం ఉండేది. కాయ అడిగిన ప్రతివాణ్ణీ ముందు నిలబెట్టి అడిగేది: "అయిపోయిందా?" అయిపోయిందమ్మా అంటే, "మొత్తం? పాటలు గిట్ట?" పాటలూ అయిపోయాయంటే, "కసమ్?" ఒట్టు వేశాకే కాయ చేతికిచ్చేది. ఇంకో రెండు షాట్లున్నాయి, ప్యాచ్ వర్కుంది అని నసిగినవాణ్ణి అక్కణ్ణించే వెనక్కి పంపేది.

"పాణం ఉండంగనే కుండ పలగ్గొడ్తరా ఎవరన్న? సగం పనికి కాయ ఇయ్య, పో," అనేది.

పెద్ద పెద్ద కంపెనీల మేనేజర్లు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి, నిజంగా అయిపోయిందమ్మా అని చెప్పుకోవడం నేను చూశాను. ఇంకెక్కడైనా కాయ కొనుక్కోవచ్చు. కానీ ఆమె దగ్గర కొంటేనే సినిమా క్షేమంగా బయటపడుతుందని ఒక సెంటిమెంటు పుట్టింది. సినిమావాళ్ళకు సెంటిమెంటు పుడితే ఇంక దానికి తిరుగులేదు. ఆ సెంటిమెంటే తర్వాత ఆమె కొంప ముంచింది.

ఇప్పుడు పలక మీద ఉన్న పెద్దమనిషి అప్పుడు ఒక భారీ సినిమా తీస్తున్నాడు. ఒక పాట ఇంకా మిగిలి ఉంది. హీరో మర్నాడు విదేశాలకు పోతున్నాడు. హీరో ఉండగానే, ఆయన పక్కన నిలబడి గుమ్మడికాయ కొట్టి ఫోటోలు దిగి పత్రికలకు ఇవ్వాలని నిర్మాతగారి ముచ్చట. ప్రొడక్షన్ మేనేజరు వచ్చి కాయ అడిగాడు. ఆమె అయిపోయిందా అంది. అయిపోయిందన్నాడు. పాటలు? అయిపోయాయి. కసమ్? పిల్లల మీద ఒట్టు అన్నాడు. ఆమె ఉన్నవాటిలో పెద్ద కాయ తీసి ఇచ్చింది.

కొన్నాళ్ళకు అదే కంపెనీ వ్యాను మిగిలిన పాట రిహార్సలుకు డ్యాన్సర్లను ఎక్కించుకుని మా గల్లీ ముందు నుంచి పోయింది. ఈమె లేచి వ్యానుకు అడ్డం నిలబడింది. ముందు సీట్లో కూర్చున్న ఆ మేనేజరును కిందికి దింపి, నలుగురూ చూస్తుండగా, "పిల్లల మీద ఒట్టేసినవ్ గదరా," అని అడిగింది. వ్యానులో డ్యాన్సర్లు కిసకిస నవ్వారు. ఆ కబురు సాయంత్రానికి సినిమా పనివాళ్ళు చేరే కృష్ణానగర్ టీ బండ్ల దగ్గరికి చేరింది. ఫలానా సినిమాకి అయిపోకుండానే కాయ కొట్టారట అని ఊరంతా చెప్పుకున్నారు. తర్వాత హీరోకీ నిర్మాతకూ చెడింది. ఆ పాట తీయనే లేదు. సినిమా మూలపడి, ఎప్పటికో విడుదలై, వారం తిరక్కుండా వెళ్ళిపోయింది.

అప్పుడు ఆయన స్వయంగా వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, ఆమెతో కబుర్లు చెబుతున్నాను. తెల్లకారు ఆగింది, అద్దం కిందికి దిగింది. ఆయన కారు దిగలేదు.

"నీ కాయ నా సినిమాని తినేసింది," అన్నాడు.

ఆమె కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "నా కాయ ఏం జేసింది సారూ? అయిపోయిందని మీరే అబద్ధమాడిండ్రు. గా కాయకు మీరు ఏం జెప్తే గదే ఎరుక."

"నోరు అదుపులో పెట్టుకో. నీ నోటి మూలంగానే ఇదంతా."

"ఒట్టేసిన నోరు మీ మనిషిది. నాది కాదు."

అద్దం పైకి లేచింది. ఆ మనిషి ముఖంలో పొరపాటు చేశానన్న జాడ నాకు మచ్చుకైనా కనబడలేదు. తన అబద్ధానికి తాను పడ్డాడని ఒప్పుకోవడం కంటే, కాయలమ్ముకునేదాని మీదికి తోసేయడం తేలిక. ఇలాంటివాళ్ళను నేను నా వృత్తిలో బోలెడుమందిని చూశాను. చూసినప్పుడల్లా నాకు చెయ్యి దురద పెడుతుంది.

ఆ తర్వాత ఆయన మా గల్లీ మూలమీద స్థలం కొని మేడ కట్టాడు. ఇక అక్కణ్ణించి కొత్త రాగం. ముహూర్తం రోజున కొబ్బరికాయ కొట్టడానికి బయల్దేరేవాళ్ళకు గేటు దాటగానే గుమ్మడికాయలు ఎదురు రాకూడదట. మొదలెట్టకముందే ముగిసినట్టట. ఏ కాయ కోసమైతే ఆమె కాళ్ళావేళ్ళా పడేవాళ్ళో, అదే కాయ ఇప్పుడు అపశకునం. ముహూర్తం ఉన్న రోజుల్లో కాయల మీద గుడ్డ కప్పుకోమని మనిషిని పంపించాడు.

"నా కాయలకు ముసుగేసుడు ఎందుకు? అవి ఏం తప్పు జేసినయ్?" అని ఆమె ఆ మనిషిని తిప్పి పంపింది.

జర నెమ్మదించు అక్కా, పెద్దవాళ్ళతో మనకెందుకు అన్నాను. నువ్వు అసలే భయపడేదానివి, నీ గొంతు ఒక్కటే గట్టిది అంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఒక ఉదయం మున్సిపాలిటీ లారీ వచ్చింది. ఫుట్‌పాత్ ఆక్రమణ అన్నారు. ఆ గల్లీలో ఫుట్‌పాత్ మీదికి మెట్లు కట్టుకున్న మేడలున్నాయి, జనరేటర్లు పెట్టుకున్న ఆఫీసులున్నాయి, సెక్యూరిటీ గదులున్నాయి. వాళ్ళ కళ్ళకు అవేవీ ఆనలేదు, ఈమె గోనెపట్టా ఆనింది. కాయల్ని లారీలోకి విసిరారు. కొన్ని జారి కింద పడి, ఆ వాలు మీద దొర్లి, పగిలాయి. రోడ్డంతా తెల్లటి గుజ్జు. మేడ బాల్కనీలో ఎవరో కాఫీ తాగుతూ చూస్తున్నారు. నేను కిందికి దిగి లారీవాళ్ళ మీద అరిచాను. నా అరుపు విని ఒకడు, "ఈ గొంతు యాడనో విన్న," అని పక్కవాడితో అన్నాడు.

ఆమె ఏడవలేదు. పగిలినవాటి గింజలు ఏరి కొంగులో వేసుకుంది. లేచి, మేడ వైపు చూసి, వినబడేలా అంది: "నన్ను లేపిండ్రు. గల్లీ పేరు లేపుండ్రి చూస్త."

ఆమె యూసుఫ్‌గూడలో కూతురి దగ్గరికి చేరింది. కూతురు అక్కడ ఇస్త్రీ బండి నడుపుతుంది. నేను అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. కాళ్ళు వాచి నడవలేకపోతున్నా నోరు మాత్రం తగ్గలేదు. వయసెంతమ్మా అని డాక్టరు అడిగితే, "పోలీస్ యాక్షన్ అయినంక పుట్టిన, లెక్క నువ్వే జేసుకో," అందట. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆమె మొదటి ప్రశ్న ఒకటే.

"ఇంక గట్లనే అంటుండ్రా?"

"అట్లాగే అంటున్నారక్కా. మొన్న ఇంటికి సామాను తెచ్చినవాడు కూడా గుమ్మడికాయ గల్లీయేనా అని ఫోన్లో అడిగాడు."

అది వింటే ఆమెకు రెండు మందుబిళ్ళలు వేసుకున్నంత పని చేసేది. ఈ ఏడాది ఎండలు ముదురుతుండగా పోయింది. కూతురు ఫోను చేస్తే వెళ్ళాను. యూసుఫ్‌గూడలో ఎత్తిన పాడె మా గల్లీ మీదుగా పోనిద్దామని కూతురు అంది. పోలీసులు ట్రాఫిక్ అన్నారు, మేడవాళ్ళు ముహూర్తాల రోజులన్నారు. పోనివ్వలేదు.

ఆమె దినాలు అయ్యాక ఆ మేడ నుంచి కొత్త మేనేజరు ఒకతను ఫోను చేశాడు. పలక ఆవిష్కరణ ఉంది, చిన్న వీడియో చేస్తున్నాం, వెనక వ్యాఖ్యానం మీరు చెప్పాలి అన్నాడు. "మీ వాయిస్‌లో ఒక నేటివిటీ ఉంటుంది మేడమ్, సార్ వాళ్ళ పెద్దబ్బాయి స్పెషల్‌గా మీరే కావాలన్నారు," అన్నాడు. వెళ్ళాను. స్టూడియోలో ఆ మేనేజరు కాగితం చేతిలో పెట్టాడు. తొలి సినిమా, ఆఖరి షాటు, ఇదే మలుపులో ఆయన గుమ్మడికాయ కొట్టడం, జనం ఆనందం తట్టుకోలేక వీధికి ఆ పేరు పెట్టుకోవడం. చదువుతుంటే నా చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"ఆయన తొలి సినిమా మద్రాసులో తీశారు బాబూ. అప్పటికి ఇక్కడ బండలు తప్ప గల్లీ లేదు," అన్నాను.

"సెంటిమెంట్‌గా బాగుంటుందని రైటర్ గారు పెట్టారు మేడమ్. ఎవరు చెక్ చేస్తారు?"

"నేను చేస్తాను. ఇది నేను చెప్పను."

"అంటే... రెమ్యునరేషన్ విషయమైతే..."

నేను మైకు పక్కకు నెట్టి బయటికొచ్చాను. నేరుగా యూసుఫ్‌గూడ పోయి కూతురికి అంతా చెప్పాను. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి విన్నది.

"అమ్మకు ఉన్నది గదొక్కటే చిన్నమ్మా. మా మాట ఎవ్వరు వినరు. మీ గొంతు అందరికి ఎరుకే. గా మీటింగుల మీరు లేచి జెప్పుండ్రి," అంది.

చెబుతానని మాటిచ్చాను. నోరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు, అది ఆమె కోసం వాడకపోతే ఇంకెందుకు అనుకున్నాను.

ఆవిష్కరణ ఆదివారం ఉదయం. షామియానా, కుర్చీలు, పెద్ద తెర. కూతురు బండి మూసి, మంచి చీర కట్టుకుని వచ్చింది. ఇద్దరం వెనక వరసలో కూర్చున్నాం. ఉపన్యాసాలు మొదలైనప్పుడు లేద్దామని నేను మాటలు కూడదీసుకుంటున్నాను. ముందు వీడియో వేశారు.

తెర మీద ఆ పెద్దమనిషి ఫోటో. వెనక నుంచి వ్యాఖ్యానం వినబడింది. అది నా గొంతు.

ముందు నాకు అర్థం కాలేదు. నేను ఆ మాటలు పలకలేదు. ఆ కాగితం నేను అక్కడే పడేసి వచ్చాను. కానీ స్పీకర్లలోంచి నేనే చెబుతున్నాను, తొలి సినిమా, ఆఖరి షాటు, ఆయన చేతి గుమ్మడికాయ. ఎక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడే తీసుకుంటున్నాను. విషాదం వచ్చేముందు నేను గొంతు కొంచెం దించుతాను, అలాగే దించాను. స్టూడియోల నిండా నా రికార్డింగులే కదా, వాటిని కంప్యూటరుకు మేపి, నేను కాదన్న మాటను నా గొంతుతోనే చెప్పించుకున్నారు. నేను ఒప్పుకోకపోతే వాళ్ళకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

లేచి నిలబడ్డాను. "అది నేను చెప్పలేదు," అని అరిచాను. "అబద్ధం అది. ఈ గల్లీ పేరు గుమ్మడికాయలు అమ్మిన ఆమెది. ఆమెను ఈయనే ఇక్కణ్ణించి లేపించాడు."

ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. నా చేతిలో మైకు లేదు, నా మాటలు సగం సంగీతంలో కలిసిపోయాయి. వాళ్ళకు వినబడింది గొంతు ఒక్కటే. తెర మీద వింటున్న గొంతు వెనక వరసలో మనిషై నిలబడేసరికి ముచ్చటపడి నవ్వారు. యాంకరమ్మాయి మైకులో, "వాయిస్ ఇచ్చిన మేడమ్ మన మధ్యనే ఉన్నారు, ఒక్కసారి గట్టిగా," అంది. చప్పట్లు కొట్టారు. ఇద్దరు మనుషులు శాలువా పట్టుకుని నా దగ్గరికొచ్చారు. నేను చేతులు అడ్డం పెడుతున్నా భుజాల మీద కప్పి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. దాన్ని లాగి కింద పడేసి పక్కకు తిరిగాను.

కూతురు కుర్చీలోంచి లేచి ఉంది. తెర వైపు చూసి, నా వైపు చూసింది.

"ఎందుకు జెప్పినవ్ చిన్నమ్మా?" అంది. ఇన్నేళ్ళలో నన్ను ఎప్పుడూ ఏకవచనంలో అనలేదు.

"నేను చెప్పలేదమ్మా. మీ అమ్మ మీద ఒట్టు, నేను చెప్పలేదు," అన్నాను.

స్పీకర్లలో విన్న గొంతే మళ్ళీ తన ముఖం ముందే ఒట్టు వేస్తుంటే, ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.